ఆరబెట్టిన కన్ను

గీతల మేస్త్రీ గురించి చెప్పాలంటే ముందు ఆయన గీత గురించి చెప్పాలి. గోడ రంగు ఆగి పైకప్పు తెలుపు మొదలయ్యే చోట మామూలు పెయింటర్లు టేపు అంటిస్తారు. ఈయన అంటించడు. నిచ్చెనెక్కి, ఊపిరి బిగబట్టి, బ్రష్షు అంచుతో ఈ మూల నుంచి ఆ మూలకి ఒక్క లాగు లాగుతాడు. దారం పట్టి గీసినట్టు వస్తుంది. "టేపు అంటించేవాడు పెయింటరా? పార్శిళ్ళు కట్టుకునేవాడు!" అని మొహం మీదే అనేస్తాడు. అందుకే ఆ వీధిలో ఆయన అసలు పేరు భార్యకైనా గుర్తుందో లేదో గానీ, గీతల మేస్త్రీ అంటే చిన్నపిల్లాడు కూడా ఇల్లు చూపిస్తాడు.

ఇంకో గొప్ప కూడా ఉందాయనకి. ఉపన్యాసం. రంగు వెయ్యమని ఎవరు పిలిచినా ముందు గోడకి చెయ్యి ఆనించి, చెవి ఆనించి, చివరికి ముక్కు కూడా ఆనించి, "చెమ్మ ఉందండీ. చెమ్మ గోడ మీద బంగారం పూసినా రాలిపోతుంది. ఆరనివ్వండి" అంటాడు. ఇంటాయన చుట్టాలొస్తున్నారంటాడు. "రానివ్వండి. గోడ మాత్రం ఆరనివ్వండి." నిజానికి ఆయన దగ్గర ప్రపంచంలోని అన్ని రోగాలకీ ఈ ఒక్కటే మందు. ప్రైమరైనా, లప్పమైనా, పెళ్ళాం కోపమైనా, "ఆరనివ్వాలి, అంతే." ఈ మందే ఒకనాడు ఆయన కొంప ముంచింది. ఆ ముచ్చటే చెప్పబోతున్నాను.

ఇంట్లో ఉండేది ముగ్గురు. ఆయన, బట్టలు కుట్టే భార్య, ఆవిణ్ణి కన్న తల్లి. అంటే మన మేస్త్రీకి అత్తగారు. పక్క వీధిలో బావమరిది ఉంటాడు, తాపీ మేస్త్రీ. అత్తగారి సంగతి ఒక్క ముక్కలో చెప్పాలంటే, అల్లుడిలో ఆవిడకి కనిపించని తప్పు లేదు. చెప్పులు వంకరగా విప్పాడంటుంది, టీ చప్పుడు చేస్తూ తాగుతున్నాడంటుంది. ఏమీ దొరకని రోజున "ఇవాళేంటి ఇంత బుద్ధిగా ఉన్నాడు, ఏం చేసొచ్చాడో!" అంటుంది. ఎదురు చెప్పే దమ్ము మేస్త్రీకి లేదు. లోలోపల గొణుక్కుంటాడు, అదీ ఆవిడ వంటింట్లోకి వెళ్ళాక.

ఒక పాత మేడ యజమాని, గోడలు చల్లగా ఉండాలి, సున్నమే కావాలి అన్నాడు. మేస్త్రీ సరేనని డ్రమ్ములో సున్నం నానేసి కర్రతో కలుపుతున్నాడు. అడుగున నానని పెళ్ళ ఒకటి బుడుంగున పైకొచ్చి, ఠప్పుమని పగిలి, సరాసరి ఎడమ కంట్లో పడింది. మంట! మనిషన్నవాడు అప్పుడేం చేస్తాడు? నీళ్ళ కోసం పరిగెడతాడు. మన మహానుభావుడు భుజం మీద గుడ్డ తీసి తుడుచుకోబోయాడు, ఆరబెట్టుకుందామని! అదే మేడ మీద ప్లాస్టరింగ్ చేస్తున్న బావమరిది ఒక్క దూకు దూకి, బావ మెడ పట్టుకుని వంచి, నీళ్ళ పైపు కంట్లోకి పెట్టాడు. మేస్త్రీ అరిచాడు, తన్నాడు, బావమరిది వంశాన్ని తిట్టాడు. తన పెళ్ళాం కూడా ఆ వంశమేనన్న సంగతి ఆ మంటలో గుర్తులేదు పాపం. "ఊరుకో బావా! కొత్త ప్లాస్టరింగ్ అనుకో!" అంటూ వాడు పైపు తియ్యలేదు. ఆ నీళ్ళే కనుగుడ్డుని కాపాడాయని తర్వాత కంటి డాక్టరమ్మ చెప్పింది.

గుడ్డు మిగిలింది గానీ చూపు మిగల్లేదు. తెల్లగుడ్డు మీది ఎర్ర నరాలు నెమ్మదిగా నల్లగుడ్డు మీదికి పాకి, పైన మసక పొర కమ్మేసింది. ఆ కంటికి కిటికీ వెలుతురు తప్ప ఇంకేం ఆనదు. ఒంటి కన్నుతో దూరాలు తెలియవు కదా. బ్రష్షు డబ్బాలో ముంచుతున్నాననుకుని పక్కన గాలిలో ముంచేవాడు. మేడ బాగుచేయించే కంట్రాక్టరు జాలిపడి ఒక గోడ ఇస్తే, గీత పాము పాకినట్టొచ్చింది. కంట్రాక్టరు ఏమీ అనలేదు. ఆయన చేతిలో గరుకు కాయితం పెట్టి, గోడలు రుద్దమని, గీత పని తీసుకెళ్ళి టేపు అంటించే పెయింటరుకిచ్చాడు. తిట్టినా బాగుండేది. ఆ సాయంత్రం మేస్త్రీ ఒళ్ళంతా దుమ్ముతో ఇంటికొచ్చి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఎడమ కన్ను రాకపోతే ఈ జన్మకి ఇక గీత లేదు, గరుకు కాయితమే గతి. ఆయన గుండెల్లో ఉన్నది అదొక్కటే.

డాక్టరమ్మ ఓపికమంతురాలు. బొమ్మ గీసి మరీ చెప్పింది.

"మేస్త్రీ గారూ, నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే చోట ఒక అంచుంది చూశారా? ఆ అంచులో చిన్న చిన్న గుంటలుంటాయి. వాటిలో మూలకణాలుంటాయి. గుంటలో ఉన్నంతకాలం అవి కడుపులో చల్ల కదలకుండా కూర్చుంటాయి. చుట్టూ ఉన్న కణాలు, నరాలు, రక్తం, తడి, ఇవన్నీ వాటిని సాకుతాయి, అదుపులో కూడా పెడతాయి. ఇవి 'ఆగు' అంటే అవి ఆగుతాయి. 'పద' అంటే ఒక కణం రెండవుతుంది. ఒకటి గుంటలోనే ఉంటుంది, రెండోది నల్లగుడ్డు మీదికి నడిచెళ్ళి అద్దంలాంటి పొరలో కలుస్తుంది."

అత్తగారు అందుకుంది. "అచ్చం మా అల్లుడే. మంచం దిగడు. చుట్టూ చేరి నలుగురం అరిస్తే తప్ప అడుగు పడదు."

డాక్టరమ్మ నవ్వాపుకుని, "మీ ఎడమ కంటి అంచు కాలిపోయింది" అంది. "కుడి కంటి అంచు నుంచి బియ్యపు గింజంత ముక్క తీసి, పొడి పొడిగా కోసి, ఎడమ కంట్లో నాటుతాం. కింద పరుపులా ఒక పలచటి పొర పరుస్తాం. ఎవరో తల్లి కాన్పప్పుడు ఇచ్చిన పొర, కడుపులో బిడ్డ చుట్టూ ఉండేది. జిగురుతో అంటిస్తాం. చుక్కల మందు మాత్రం మానకూడదు."

ఉన్న ఒక్క కన్నూ గీకుతారంటే మేస్త్రీకి చెమటలు పట్టాయి. ఆ కంటికేం కాదని డాక్టరమ్మ చెప్పింది, భార్య బతిమాలింది, చివరికి గరుకు కాయితం గుర్తొచ్చి ఒప్పుకున్నాడు. ఆపరేషన్ అయింది. బాగానే అయింది.

ఇక్కడ మొదలైందండీ అసలు కథ.

డాక్టరమ్మ చెప్పిన మాటల్లో మేస్త్రీ చెవికెక్కినవి రెండే: పొర, జిగురు. మంచం మీద పడుకుని బుర్రకి పదును పెట్టాడు. కొత్త పూత వేశారు. జిగురుతో అంటించారు. జిగురు ఆరకుండానే పైన నీళ్ళు కొడితే ఏమవుతుంది? ఊడొస్తుంది. ఇన్నేళ్ళ అనుభవం, ఆమాత్రం తెలీదా?

బావమరిది పలకరించడానికొచ్చి, "బావా, తడి ఆరనివ్వకు. ప్లాస్టరింగ్ చేశాక నీళ్ళు కొట్టకపోతే పగుళ్ళొస్తాయి" అన్నాడు.

"ఒరేయ్, నీది సిమెంటు. నాది పూత. మీ సిమెంటోళ్ళకి నీళ్ళు తప్ప ఇంకేం తెలుసురా?"

"డాక్టరమ్మ కూడా నీళ్ళే చెప్పింది కదా."

"ఆవిడ మందు చెప్పింది. నువ్వు నీళ్ళంటున్నావు. పో, పోయి ఇటుకలు తడుపుకో."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. చుక్కలు వెయ్యడానికి భార్య వస్తే, "నాకు చేతులున్నాయి, నేనేసుకుంటా" అని సీసా లాక్కునేవాడు. లాక్కుని, కంటి పక్కన చెంప మీద వేసుకుని తుడిచేసుకునేవాడు. మధ్యాహ్నం భార్య కుట్టుమిషన్ దగ్గర కూర్చోగానే, "అత్తయ్యా, ఆ టేబుల్ ఫ్యాను కాస్త ఇటు తిప్పండి. కన్ను ఆరాలి" అనేవాడు. ఆ తల్లి ఫ్యాను తిప్పి, కింద పీట వేసి ఎత్తు సరిచేసి, గాలి సూటిగా ఎడమ కంట్లోకి కొట్టేలా పెట్టి వెళ్ళేది. మనవాడు రెప్ప వాల్చకుండా, తపస్సు చేసుకునేవాడిలా పడుకునేవాడు. ఆవిడ జన్మలో అల్లుడి మాట కాదనకుండా విన్నది ఆ ఒక్కటే. అదీ తప్పు మాట!

కొన్నాళ్ళు బాగానే కనిపించింది. తర్వాత నల్లగుడ్డు మీద ఏదో మందంగా, గరుగ్గా పేరుకుంది. దాని వెనకే ఎర్ర నరాలు మళ్ళీ పాకాయి.

డాక్టరమ్మ చూసి దిగాలు పడింది. "ఇలా ఎందుకయిందో నాకే అర్థం కావట్లేదు. మందులు సరిగ్గానే వేసుకున్నారా?"

"తు చ తప్పకుండా" అన్నాడు మేస్త్రీ, నేల చూపులు చూస్తూ.

"అయితే మీ కణాల్లోనే ఏదో లోపం ఉండొచ్చు. దగ్గరివాళ్ళ కంటి నుంచి తీసుకోవాల్సి వస్తుందేమో. కానీ పరాయి కణాల్ని ఒళ్ళు ఓ పట్టాన ఒప్పుకోదు. ఏళ్ళ తరబడి గట్టి మందులు వాడాలి."

భార్య ఏదో అనబోయింది. అంతలో అత్తగారు కుర్చీ ముందుకి జరుపుకుని, "నాది తీసుకోండి" అంది. "ఇంటిచుట్టూ తిరిగే ముసలిదాన్ని, నాకేం పని. గీకండి."

మేస్త్రీ గుండె గుభేలుమంది. అత్తగారి కన్ను! తన మొహంలో! ఇప్పటిదాకా బయటి నుంచే చూస్తోంది, రేపటి నుంచి లోపల కూర్చుని చూస్తుంది! అద్దంలో గడ్డం గీసుకుంటుంటే తన కన్నే తనని చీదరించుకోదూ? "వద్దత్తయ్యా" అన్నాడు పీలగా. "మీకెందుకు శ్రమ."

"నువ్వూరుకో. నీకేం తెలుసు?" అని, ఆవిడ డాక్టరమ్మ వైపు తిరిగింది. "మా వల్ల ఏ లోపం జరగలేదమ్మా. వీడు ఎంత శ్రద్ధగా ఆరబెట్టుకున్నాడో తెలుసా? రోజూ మధ్యాహ్నం ఫ్యాను నేనే పెట్టాను కదా, సరిగ్గా కంట్లోకి. ఎండలో వడియాలు కూడా అంత బాగా ఎండవు!"

డాక్టరమ్మ చేతిలో టార్చి అలాగే ఉండిపోయింది. "ఏం పెట్టారు?"

"ఫ్యాను."

"కంట్లోకా?"

"మరి? పూత ఆరాలన్నాడు."

తేలు కుట్టిన దొంగలా కూర్చున్న మేస్త్రీ వైపు అందరూ తిరిగారు. భార్య చూసిన చూపు రాయడానికి నాకు మాటలు చాలవు. కొట్టలేదు, ఆసుపత్రి కాబట్టి. డాక్టరమ్మ ముందు కోప్పడదామనుకుంది, పెదాలు వణికాయి, ఇక ఆగక పగలబడి నవ్వింది. కళ్ళు తుడుచుకుని, తర్వాత గట్టిగానే చెప్పింది.

"మేస్త్రీ గారూ, మీ కణాలు బంగారం లాంటివి. తప్పంతా పరుపుది. మూలకణం ఏమవ్వాలన్నది దాని ఒక్కదాని చేతిలో ఉండదు, చుట్టూ ఏముందో దాన్ని బట్టి అవుతుంది. చుట్టూ తడిగా, మెత్తగా ఉంటే అద్దమవుతుంది. ఎండిపోయి మంటగా ఉంటే పాపం అవేం చేస్తాయి? బతకాలి కదా, అరచేతి చర్మంలా మందమైపోతాయి. మీరు కంట్లో అరచెయ్యి మొలిపించుకున్నారు!"

చెమ్మ గోడ మీద పూత నిలవదని ఊరందరికీ చెప్పిన మనిషి. గోడ సంగతి చూడకుండా రంగుని తిట్టకూడదని తనే అనేవాడు. గురివింద గింజ సామెత ఎవరికోసం పుట్టిందో అప్పుడు తెలిసింది ఆయనకి. సిగ్గుతో చచ్చిపోయాడు.

ఒక మేలు మాత్రం జరిగింది. లోపం కణాల్లో లేదని తేలాక అత్తగారి కన్ను అక్కర్లేకపోయింది. మళ్ళీ ఆయన కుడి కంటి నుంచే, ఇంకో వైపు అంచు నుంచి తీస్తామంది డాక్టరమ్మ. ఆయన వణుకుతూనే తలూపాడు. అత్తగారి కన్ను కంటే సొంత భయమే నయం.

"ఈసారి ముందు నేల తడుపుదాం" అందామె. కన్నీళ్ళు ముక్కులోకి జారిపోయే సన్నటి తూము ఒకటుంటుందట కంటి మూలలో. దానికి చిన్న బిరడా పెట్టింది. ఇక చూస్కోండి! తూము మూసిన చెరువులా నీళ్ళు కట్ట దాటి చెంప మీద కారుతూనే ఉన్నాయి. పుట్టి బుద్ధెరిగాక ఏడ్చి ఎరగని మనిషి వీధిలో ధారగా ఏడుస్తూ నడవడం మొదలుపెట్టాడు. పాలవాడు ఆగి, "ఎవరు పోయారు మేస్త్రీ?" అన్నాడు. ఎవరూ పోలేదు, బిరడా పెట్టారంటే వాడికి అర్థం కాలేదు, ఇంకా జాలిపడ్డాడు. గోడలు రుద్దుతుంటే కంట్రాక్టరు చూసి, గీత పని తీసేసినందుకే ఏడుస్తున్నాడనుకుని, పక్కకి పిలిచి టీ తాగించాడు. మేస్త్రీ ఆ టీ తాగాడు గానీ నిజం చెప్పలేదు. భార్య మాత్రం, "ఇన్నేళ్ళ కాపురంలో నన్ను ఏడిపించినదంతా ఇప్పుడు వడ్డీతో తీరుస్తున్నాడు" అని ఇరుగుపొరుగుకి చెప్పి నవ్వుకుంది.

రెండో ఆపరేషన్ అయ్యాక ఇంట్లో ఆయన మాట చెల్లడం మానేసింది. చుక్కల సీసా అత్తగారి కొంగున ముడిపడింది. అలారం మోగితే చాలు, ఎక్కడున్నా వచ్చి, తల వెనక్కి వంచి, రెప్ప పట్టుకుని వేసేది. "ఉఫ్" అన్నా, "అమ్మా" అన్నా వినేది కాదు. బావమరిది టేబుల్ ఫ్యాను ఏకంగా తన ఇంటికి పట్టుకెళ్ళిపోయాడు. బయట ఎండ దుమ్ములోకి వెళ్ళబోతే భార్య తలుపుకి అడ్డం నిలబడేది. ఒకరు ఆగమంటారు, ఇంకొకరు లెమ్మంటారు, మరొకరు తడిపేస్తారు. మేస్త్రీకి పిచ్చెక్కినంత పనైంది. కానీ నోరెత్తలేదు. ఏ మొహం పెట్టుకుని ఎత్తుతాడు?

పొర కరిగిపోయి, కంటి మీద కట్టులా పెట్టిన మెత్తటి లెన్సు తీసే రోజు వచ్చింది. డాక్టరమ్మ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కుడి కన్ను మూసి, ఎదురుగా ఉన్న అక్షరాలు చదవమంది. భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. అత్తగారు గోడకి ఆనుకుని నిలబడింది.

మేస్త్రీ చదవలేదు. తల ఎత్తి పైకి చూస్తున్నాడు. ఒకసారి ఆ మూలకి, ఒకసారి ఈ మూలకి.

"మేస్త్రీ గారూ, అక్షరాలు కిందున్నాయి" అంది డాక్టరమ్మ నెమ్మదిగా. ఆమె గొంతులో కూడా భయముంది.

"ఈ రంగు ఎవడేశాడండీ?"

"ఏంటీ?"

"ఆ కిటికీ పైన చూడండి. గీత జారింది. టేపు పీకేటప్పుడు తెలుపు కూడా లేచొచ్చింది. మళ్ళీ దాని మీద చూపుడువేలితో అద్దాడు వెధవ! వేలి ముద్ర కూడా కనిపిస్తోంది!"

భార్య భోరుమంది. డాక్టరమ్మ కిటికీ పైకి చూసింది, ఆమెకి గీతా కనబడలేదు, వేలిముద్రా కనబడలేదు, అయినా చప్పట్లు కొట్టింది. మేస్త్రీకి మాత్రం ఆ వంకర గీత అంత అందంగా జన్మలో ఏదీ కనిపించలేదు.

ఆ సంబరంలో డాక్టరమ్మ అత్తగారి చెయ్యి పట్టుకుంది. "ఇదంతా మీ చలవే పెద్దమ్మా. రండి, మీ కళ్ళు కూడా ఓసారి చూస్తాను."

"నాకెందుకమ్మా? సూదిలో దారం ఎక్కిస్తాను" అని ఆవిడ తప్పించుకోబోయింది. కూతురు పట్టి కూర్చోబెట్టింది. ఎడమ కన్ను మూస్తే అక్షరాలన్నీ గడగడా చదివేసింది. కుడి కన్ను మూస్తే కూడా అలాగే గడగడా చదివింది. ఒక్కటే తేడా, ఈలోపు డాక్టరమ్మ అక్షరాల పలక మార్చేసింది. ఆవిడ చదివింది పాతవి.

డాక్టరమ్మ టార్చి వేసి లోపలికి చూసింది. చాలాసేపు చూసింది. "చిన్నప్పటి నుంచీనా?"

"నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ అంతే. ఒకటి చాలదూ? ఎవరికీ చెప్పలేదు. చెబితే ఈ కళ్ళతో ఎవరు చేసుకుంటారని మా అమ్మ భయపడింది. తర్వాత చెప్పే అవసరమే రాలేదు."

"ఎడమ కన్ను అసలు కనబడదు కదా పెద్దమ్మా. మరి ఆ రోజు నాది తీసుకోండి అన్నారే, ఏ కన్ను ఇద్దామని?"

అత్తగారు ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది. "ఇచ్చేటప్పుడు పని చేసేదే ఇస్తారు గానీ, పాడైంది ఎవరైనా ఇస్తారా?"

మేస్త్రీ కుర్చీ చేతులు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఇంకో కన్నున్న తనే, గింజంత ముక్కకి నెలల తరబడి వణికాడు. ఈవిడ ఉన్నదే ఒకటి, దాన్ని గీకండి అని కుర్చీ ముందుకి జరుపుకుంది. ఆ కన్ను తన మొహంలో వద్దని తను లోపల హడలిపోయాడు కూడా.

"పోతే?" అన్నాడు. "అది కూడా పోయుంటే ఏం చేసేవారత్తయ్యా?"

"ఏం చేస్తాను, మూల కూర్చుని నిన్ను తిడతాను. తిట్టడానికి కళ్ళెందుకు?"

బయటికొచ్చారు. రోడ్డు మీద బండ్లు అటూ ఇటూ దూసుకుపోతున్నాయి. భార్య మందుల కోసం దుకాణంలోకి వెళ్ళింది. మేస్త్రీ అత్తగారికి ఎడమ పక్కకి వచ్చి, చెయ్యి పట్టుకున్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

ఆవిడ విదిలించింది. "వదులు! నాకేం కళ్ళు లేవనుకున్నావా?"

"ఒక్కటే ఉందత్తయ్యా" అన్నాడు మేస్త్రీ. "దాన్నే నాకిచ్చేసేవారు."

ఈసారి ఆవిడ విదిలించలేదు. ఆయన చెయ్యి వదల్లేదు. బండ్లు తగ్గాక ఇద్దరూ రోడ్డు దాటారు.